ల్యాప్ టైము ఏం చెబుతుంది? – మోటారు పందేల విశ్లేషణలో గణాంక పద్ధతులు

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో తిరునాళ్ళప్పుడు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ పాఠంలో సగం ముందే తెలుసు. అక్కడ ఒక విభాగంలోని ప్రతి జతకూ ఒకే బండ, ఒకే నిడివి సమయం ఇస్తారు. ఆ సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. ఎక్కువ దూరం లాగిన జతది మొదటి బహుమతి. గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. ఎడ్లన్నిటినీ ఒకే గాటన కట్టరు. పళ్ళు చూసి వయసు నిర్ణయించి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. రెండు పళ్ళ గిత్తలు లాగిన అడుగులను ఆరు పళ్ళ ఎడ్ల అడుగులతో పోల్చి ఎవరూ తీర్పు చెప్పరు. పోల్చదగినవాటినే పోల్చాలన్నది గణాంకశాస్త్రంలో మొదటి నియమం. ఆ పోటీల పెద్దలు దాన్ని ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే పాటిస్తున్నారు.

మోటారు పందేల్లో సాధారణంగా ఈ పద్ధతి తిరగబడుతుంది. దూరం స్థిరం, సమయం చలరాశి. నిర్ణయించిన ల్యాప్‌లు ముందుగా పూర్తి చేసినవాడు గెలుస్తాడు. ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెం మాత్రం మన బండలాగుడు లాంటిదే: సమయం స్థిరం, దూరాన్ని కొలుస్తారు. 2023లో అక్కడ గెలిచిన ఫెరారీ కారు 13.626 కిలోమీటర్ల ట్రాక్‌పై 342 ల్యాప్‌లు తిరిగింది. హెచ్చవేసి చూడండి, సుమారు 4,660 కిలోమీటర్లు వస్తుంది.

మోటారు పందేలు మనకు మరీ దూరపు సంగతేమీ కావు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే దారిలోనే ఉన్న షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఎన్నో ఏళ్ళు పందేలు నడిపింది. తరువాత ఆ క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల ట్రాక్‌ను నిర్మించుకుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. దాని గురించి కొంచెం ఆగి మాట్లాడుకుందాం. ముందుగా కొలత సంగతి చూడాలి.

కొలత ఎంత సన్నగా ఉండాలి?

పూర్వం స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి గీత దగ్గర నిలబడేవాడు. ఇప్పుడు ప్రతి కారులో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న పరికరం ఉంటుంది. ట్రాక్ ఉపరితలం కింద తీగ చుట్ట పాతి ఉంటుంది. కారు దానిమీదుగా పోగానే ఆ కారు గుర్తు, దాటిన క్షణం నమోదవుతాయి. ట్రాక్‌ను సాధారణంగా మూడు భాగాలు చేసి ఒక్కొక్క భాగానికి వేరే సమయం తీసుకుంటారు. వీటిని సెక్టార్లు అంటారు. సమయాన్ని సెకనులో వెయ్యో వంతు వరకు రాస్తారు.

వెయ్యో వంతు అవసరమా అనిపించవచ్చు. 1997లో స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్‌పై అర్హత పోటీలో జాక్ విల్నవ్, మైకేల్ షూమాకర్, హైన్జ్-హెరాల్డ్ ఫ్రెంట్జెన్ ముగ్గురూ 1 నిమిషం 21.072 సెకన్లలోనే ల్యాప్ పూర్తి చేశారు. ట్రాక్ పొడవు 4.428 కిలోమీటర్లు. సగటు వేగం సెకనుకు దాదాపు 54.6 మీటర్లు. అంటే ఒక వెయ్యో వంతు సెకనులో కారు ఐదున్నర సెంటీమీటర్లు కదులుతుంది. నాలుగున్నర కిలోమీటర్లు తిరిగి వచ్చాక ఈ ముగ్గురి మధ్య తేడా మూడు వేళ్ళ వెడల్పు కూడా ఉందో లేదో ఆ గడియారం చెప్పలేకపోయింది. అప్పుడు నిబంధన ఏం చేసిందంటే, ఆ సమయాన్ని ముందుగా సాధించినవాడికి ముందు స్థానం ఇచ్చింది. అలా విల్నవ్ మొదటివాడయ్యాడు. గడియారం తేల్చలేని చోట తేల్చేది నిబంధన. ఈ రెండింటినీ కలిపేసి, విల్నవే ఎక్కువ వేగంగా నడిపాడని రాస్తే ఆ వాక్యానికి దత్తాంశంలో ఆధారం లేదు.

సగటు మోసం చేసే తీరు

కింది అంకెలు అభ్యాసం కోసం మనం ఊహించుకున్నవి. ఇద్దరు డ్రైవర్లు వరుసగా పది ల్యాప్‌లు తిరిగిన సమయాలు, సెకన్లలో:

అ: 92.4, 92.3, 92.5, 92.4, 92.6, 92.5, 92.4, 92.6, 92.5, 114.8

ఆ: 91.6, 93.4, 92.1, 94.0, 91.9, 93.6, 92.2, 93.8, 92.4, 93.5

అంకమధ్యమం కట్టండి. అ డ్రైవరుకు 94.70, ఆ డ్రైవరుకు 92.85. ఆ డ్రైవరే దాదాపు రెండు సెకన్లు వేగంగా ఉన్నాడు. అతివేగమైన ఒక్క ల్యాప్ చూసినా అతనే ముందు: 91.6. టీవీ వ్యాఖ్యాత ఇక్కడితో ఆగిపోతాడు.

ఇప్పుడు మధ్యగతం చూడండి. ఆరోహణ క్రమంలో రాస్తే ఐదో, ఆరో విలువల సగటు అ డ్రైవరుకు 92.5, ఆ డ్రైవరుకు 92.9. తీర్పు తారుమారైంది. కారణం పదో ల్యాప్‌లోని 114.8. ఆ ల్యాప్‌లో అ డ్రైవరు టైర్లు మార్చుకోవడానికి పిట్‌లోకి వెళ్ళాడు. ఆ ఒక్క విలువ అంకమధ్యమాన్ని తనవైపు లాగేసింది. మధ్యగతాన్ని మాత్రం కదపలేకపోయింది. ఆ ల్యాప్‌ను తీసేసి మిగిలిన తొమ్మిదింటి అంకమధ్యమం కడితే 92.47 వస్తుంది.

అయితే అసాధారణ విలువ కనబడగానే కొట్టిపారేయడం మంచి అలవాటు కాదు. మన ప్రశ్న ఏమిటన్నదాన్ని బట్టి దాన్ని ఉంచాలో తీసేయాలో తేలుతుంది. ట్రాక్ మీద ఎవరు వేగంగా ఉన్నారన్నది ప్రశ్న అయితే పిట్ ల్యాప్‌ను పక్కన పెట్టాలి. పందెంలో ఎవరు ముందున్నారన్నది ప్రశ్న అయితే ఆ 22 సెకన్లు నిజంగా ఖర్చయినవే, తీసేయడానికి వీల్లేదు. అంతేకాదు, ఆ డ్రైవరు ఇంకా పిట్‌కు వెళ్ళలేదు. అతని ఖర్చు ముందుంది. ఇద్దరి పది ల్యాప్‌ల మొత్తాలను పక్కపక్కన పెట్టడమంటే, కౌలు కట్టేసిన రైతు చేతిలోని డబ్బును ఇంకా కట్టని రైతు చేతిలోని డబ్బుతో పోల్చడమే.

ఇక విచలనం. అ డ్రైవరు తొమ్మిది ల్యాప్‌ల ప్రామాణిక విచలనం సుమారు 0.09. ఆ డ్రైవరుది సుమారు 0.85. సుమారు తొమ్మిది రెట్లు. మొదటివాడు నిలకడ గలవాడు, రెండోవాడు తప్పులు చేస్తున్నాడు అని రాయాలనిపిస్తుంది. తొందరపడకండి. ఆ డ్రైవరు వరుసను మళ్ళీ చదవండి: ఒకటి వేగం, ఒకటి నెమ్మది, మళ్ళీ వేగం, మళ్ళీ నెమ్మది. ఇది తడబాటు లాగా లేదు, పద్ధతి లాగా ఉంది. వేడెక్కిన టైర్లను చల్లార్చుకుంటూనో, బ్యాటరీ శక్తిని కూడబెట్టుకుంటూనో ఒక ల్యాప్ విడిచి ఒక ల్యాప్ గట్టిగా నడుపుతూ ఉండవచ్చు. ప్రామాణిక విచలనానికి వరుస తెలియదు. అవే పది అంకెలను ఏ క్రమంలో కలిపినా అదే 0.85 వస్తుంది. అందుకే ల్యాప్ టైములను ముందుగా కాలక్రమంలో గ్రాఫు కాగితం మీద పెట్టి చూడాలి, ఆ తరువాతే సూత్రాల జోలికి వెళ్ళాలి. ఈ పాఠంలో ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

రెండు కారణాలు కలిసిపోయినప్పుడు

టైర్లు ల్యాప్ ల్యాప్‌కూ అరిగి కారును నెమ్మది చేస్తాయి. పెట్రోలు ల్యాప్ ల్యాప్‌కూ ఖర్చయి కారును తేలిక చేస్తుంది, వేగం పెంచుతుంది. రెండూ ల్యాప్ సంఖ్యతోపాటే మారతాయి. గడియారం ఈ రెండింటినీ విడదీసి చూపదు, కలిసిన ఫలితాన్నే చూపుతుంది.

2011 అక్టోబరు 30న నోయిడా సమీపంలోని బుద్ధ్ ట్రాక్‌పై జరిగిన తొలి భారత గ్రాండ్ ప్రీ ఇందుకు మంచి ఉదాహరణ. గెలిచిన సెబాస్టియన్ వెటెల్ తన అతివేగమైన ల్యాప్‌ను, 1 నిమిషం 27.249 సెకన్లను, చిట్టచివరి 60వ ల్యాప్‌లో సాధించాడు. అప్పటి నిబంధనల ప్రకారం పందెం మధ్యలో ఇంధనం నింపకూడదు. కాబట్టి బయలుదేరినప్పుడు కారు అత్యంత బరువుగా, చివరి ల్యాప్‌లో అత్యంత తేలికగా ఉంటుంది. మొదటి ల్యాప్‌ల వెటెల్‌నూ చివరి ల్యాప్ వెటెల్‌నూ పక్కపక్కన పెట్టి, అతను పందెం సాగేకొద్దీ మెరుగయ్యాడని అనలేం. కారు బరువే వేరు.

విడదీయడం ఎలాగో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక డ్రైవరు కొత్త టైర్లతో 20 ల్యాప్‌లు తిరిగాడు. ల్యాప్ సంఖ్యను x, సమయాన్ని y అనుకుని ప్రతిగమన రేఖ గీస్తే వాలు +0.03 వచ్చింది. ల్యాప్‌కు 0.03 సెకన్లు నెమ్మదిస్తున్నాడన్నమాట. ఇది టైర్ల అరుగుదల ఒక్కటే కాదు. పది కిలోల ఇంధనం ల్యాప్‌కు సుమారు 0.3 సెకన్లు నెమ్మది చేస్తుందన్నది ఫార్ములా వన్‌లో వాడుకలో ఉన్న ఉజ్జాయింపు లెక్క. ఇది ట్రాక్‌ను బట్టి మారుతుంది. ల్యాప్‌కు 1.6 కిలోలు ఖర్చయితే ఇంధనం తగ్గడం వల్ల ల్యాప్‌కు దాదాపు 0.05 సెకన్లు కలిసి రావాలి. అలా కలిసి వస్తున్నా 0.03 నెమ్మదిస్తున్నాడంటే అసలు అరుగుదల 0.03 + 0.05 = 0.08.

ఈ తేడా వల్ల ఒరిగేదేమిటి? పిట్‌లోకి వెళితే 22 సెకన్లు పోతాయనుకుందాం. 20 ల్యాప్‌లు అరిగిన టైరుకూ కొత్త టైరుకూ తేడా ల్యాప్‌కు 20 × 0.08 = 1.6 సెకన్లు. రెండూ ఒకే రేటున అరుగుతాయి కనుక ఆ తేడా అలాగే నిలుస్తుంది. 22ను 1.6తో భాగిస్తే 13.75, అంటే 14 ల్యాప్‌ల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. వాలును ఉన్నదున్నట్టు నమ్మి 0.03 అనుకుంటే తేడా 0.6 సెకన్లే అవుతుంది, 37 ల్యాప్‌లు కావాలి. పందెంలో ఇంకా 20 ల్యాప్‌లే మిగిలి ఉన్నాయనుకోండి. మొదటి లెక్క ప్రకారం పిట్‌లోకి పిలవాలి, రెండో లెక్క ప్రకారం పిలవకూడదు. దత్తాంశం ఒకటే. ఇంధనాన్ని లెక్కలోకి తీసుకోని జట్టు గెలవవలసిన పందెం ఓడిపోతుంది.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున

హైదరాబాదు పందెం నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాల వీధుల్లో వేసిన సుమారు 2.83 కిలోమీటర్ల ట్రాక్‌పై జరిగింది. మన మహీంద్రా జట్టు కూడా పాల్గొంది. విద్యుత్ కార్లలో ఇంధనం బరువు తగ్గడమంటూ ఉండదు. బ్యాటరీ నిండుగా ఉన్నా ఖాళీ అయినా బరువు ఒకటే. దాని బదులు మరో చలరాశి వస్తుంది: మిగిలిన శక్తి. పందెానికి వాడుకోగల శక్తి పరిమితం. అందరూ దాన్ని పొదుపు చేసుకుంటూ నడపాలి. కాబట్టి ఇక్కడ నెమ్మదైన ల్యాప్ అంటే చేతకాని ల్యాప్ అని కాదు, దాచుకున్న ల్యాప్ కావచ్చు.

గెలిచినవాడు ఫ్రాన్సుకు చెందిన జాన్-ఎరిక్ వెర్న్. రెండో స్థానం న్యూజీలాండ్‌కు చెందిన నిక్ కాసిడీది. ఇద్దరి మధ్య తేడా అర సెకను కన్నా తక్కువ. చివరి ల్యాప్‌ల్లో వెర్న్ దగ్గర మిగిలిన శక్తి కాసిడీ కన్నా తక్కువగా ఉంది. శక్తి అంకెలొక్కటే చూసినవారు కాసిడీ దాటేస్తాడనే అనుకుంటారు. దాటలేకపోయాడు. ఇరుకు వీధి, రెండు పక్కలా గోడలు, ముందున్నవాడు దారి ఇవ్వడు.

ఆ ల్యాప్‌ల్లో ఇద్దరి సమయాలూ దాదాపు ఒకటిగానే నమోదవుతాయి. దాన్ని చూసి ఇద్దరి కార్ల వేగం సమానమని చెప్పవచ్చా? ఆత్మకూరు రోడ్డులో వరిగడ్డి ట్రాక్టరు వెనకాల చిక్కుకున్న బస్సును తలుచుకోండి. ఆ బస్సు వేగం గంటకు 20 కిలోమీటర్లని కొలత చెబుతుంది. అది ట్రాక్టరు వేగం. బస్సు ఎంత వేగంగా పోగలదో ఆ కొలతలో లేదు. అలాగే, వెనకాల ఇరుక్కున్న కారు ల్యాప్ టైము ముందున్న కారు వేగాన్ని చెబుతుంది. విశ్లేషకులు అందుకే ముందుకారుతో ఎడం బాగా తక్కువగా ఉన్న ల్యాప్‌లను వేరుచేసి, ఖాళీ దారిలో తిరిగిన ల్యాప్‌లతోనే వేగాన్ని అంచనా వేస్తారు. అలా చేస్తే మిగిలే ల్యాప్‌లు కొద్దివే కావచ్చు. ఎక్కువ అంకెలున్నా అవి పనికిరాని అంకెలైతే ఏం లాభం?

అదే పందెంలో సెబాస్టియన్ బుయెమీ మూడోవాడిగా గీత దాటాడు. అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడినట్టు కారులోని కొలతలు చూపడంతో అతని సమయానికి 17 సెకన్లు కలిపారు. దాంతో అతను పాయింట్లు వచ్చే మొదటి పది స్థానాల నుంచే బయటికి పోయాడు. మూడో స్థానం అంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కింది. 17 సెకన్లలో అంతమంది ఉన్నారంటే కార్లు ఎంత దగ్గర దగ్గరగా నడిచాయో ఊహించుకోవచ్చు. స్థానాల పట్టికలో ఆ దగ్గరితనం కనబడదు. స్థానం క్రమాన్ని మాత్రమే తెలిపే కొలత. ఒకటో స్థానానికీ రెండో స్థానానికీ మధ్య ఎడం, రెండుకూ మూడుకూ మధ్య ఎడం ఒకటే అన్నట్టు వాటిని కూడి సగటు తీయడం చాలామంది చేసే పని, మన విద్యార్థులు చేయకూడని పని.

ఆ పందెం నుంచి హైదరాబాదు ట్రాక్ ఏ కారుకు అనుకూలమో చెప్పగలమా? ప్రతిచయనం పరిమాణం ఒకటి. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయింది. ఒక్క ఫలితంతో ఏ ధోరణినీ నిర్ధారించలేం.

నాలుగో స్థానం కథ

కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు. 2005 జూన్ 19న ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రీలో నాలుగో స్థానం పొందాడు. అతని మొత్తం ఫార్ములా వన్ జీవితంలో అత్యుత్తమ ఫలితం అదే. పట్టికలో చూస్తే గొప్ప అంకె. అయితే ఆ రోజు టైర్ల భద్రతపై అనుమానంతో మిషెలిన్ టైర్లు వాడుతున్న 14 కార్లు పందెం మొదలుకాకముందే పిట్‌లోకి వెళ్ళిపోయాయి. పరుగెత్తినవి ఆరు కార్లే.

2012లో ఆస్ట్రేలియాలో అతనికి అసలు పందెంలో నిలబడే అర్హతే రాలేదు. అర్హత పోటీ తొలి దశలో అందరికన్నా వేగమైన సమయానికి 107 శాతం లోపల రావాలన్నది నిబంధన. అతివేగమైన సమయం 90 సెకన్లయితే హద్దు 96.3 సెకన్లు. అతని హెచ్‌ఆర్‌టీ జట్టు కార్లు రెండూ ఆ హద్దు దాటిపోయాయి. ఇక్కడ సెకన్లు కాకుండా శాతం ఎందుకు వాడారో ఆలోచించండి. పొట్టి ట్రాక్‌పై మూడు సెకన్ల వెనుకబాటు, పొడవాటి ట్రాక్‌పై మూడు సెకన్ల వెనుకబాటు ఒకటి కావు.

నాలుగో స్థానాన్ని పట్టుకుని అతన్ని ఆకాశానికెత్తడం, అర్హత రాకపోవడాన్ని పట్టుకుని తీసిపారేయడం, రెండూ అన్యాయమే. రెండు అంకెల్లోనూ మనిషి కన్నా కారు, టైరు ఎక్కువగా మాట్లాడుతున్నాయి. మనిషి వాటాను విడదీయాలంటే కారును స్థిరంగా ఉంచాలి. అందుకు ఉన్న దగ్గరి దారి ఒకే జట్టులోని ఇద్దరు డ్రైవర్లను పోల్చడం. 1988 మొనాకో అర్హత పోటీలో ఒకే రకం మెక్‌లారెన్ కార్లలో అయర్టన్ సెన్నా 1 నిమిషం 23.998 సెకన్లు, అలెన్ ప్రోస్ట్ 1 నిమిషం 25.425 సెకన్లు సాధించారు. తేడా 1.427 సెకన్లు, అంటే 1.7 శాతం. ఒకే కారులో అంత తేడా అసాధారణం. పందెంలో మాత్రం ముందున్న సెన్నా గోడకు కొట్టుకుని ఆగిపోయాడు, ప్రోస్ట్ గెలిచాడు. ఎవరు వేగం, ఎవరు గెలిచారు అన్నవి వేర్వేరు ప్రశ్నలని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తట్టదు. అందరికీ ఒకే రకం కారు ఇచ్చే పోటీలు కూడా ఉన్నాయి. హైదరాబాదు యువకుడు అనిందిత్ రెడ్డి విజేతగా నిలిచిన యూరో జేకే అలాంటిదే. బండలాగుడులో పళ్ళ విభాగం చేసే పనే అక్కడ ఒకే రకం కారు చేస్తుంది.

అభ్యాసం

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్ళే బస్సు ప్రయాణాన్ని మూడు సెక్టార్లుగా తీసుకోండి: నెల్లూరు–సంగం, సంగం–ఆత్మకూరు, ఆత్మకూరు–ఉదయగిరి. పది ప్రయాణాల్లో ఒక్కొక్క సెక్టారుకు పట్టిన నిమిషాలు రాసుకోండి. ఆత్మకూరు బస్టాండులో ఆగిన సమయాన్ని వేరే వరుసలో రాయండి, అది మన పిట్. ప్రతి సెక్టారుకూ అంకమధ్యమం, మధ్యగతం, ప్రామాణిక విచలనం కట్టి, ఏ సెక్టారులో విచలనం ఎక్కువో గుర్తించండి. ఆ విచలనంలో డ్రైవరు వాటా ఎంత, రోడ్డు వాటా ఎంత, ఎక్కే దిగే జనం వాటా ఎంత అన్నది మీరు రాసుకున్న అంకెలతో చెప్పగలరా? చెప్పలేకపోతే ఇంకా ఏ వరుస రాసుకుని ఉండాల్సిందో ఒక పేజీకి మించకుండా వివరించండి.